కువైట్ నుంచి ఐదు గంటలు

"కువైట్ నుంచి చెన్నైకి విమానం ఎంత సేపు పడ్తాది జీవితా?"

తెల్లారినప్పటి నుంచి శశికళ ఈ మాట అడగడం ఇది మూడోసారి. పక్కింటి జీవిత పనిచేసేది టికెట్లు బుక్ చేసే షాపులో. ఓపిగ్గానే చెప్పింది.

"మూడు వేల ఏడెనిమిది నూర్ల కిలోమీటర్లుండాది. అయిదు గంటలు పడ్తాదక్కా."

"ఇంగా తొందరగా వస్తాదా?"

"గాలి కలిసొస్తే అర్ధగంట ముందే దిగుతాది. ఏమక్కా, మొగుడంటే అంత ఆత్రమా?"

శశికళ నవ్వలేదు.

రెండేళ్ల తర్వాత సోమశేఖర్ వస్తున్నాడు. కడపలో కువైట్ మనిషి దిగుతున్నాడంటే ఇంటిల్లిపాదీ తుఫాన్ జీపు మాట్లాడుకుని చెన్నైకి ఎదురుపోవాల్సిందే. పెళ్లాం మాత్రం ఇంట్లో ఉండి నాటుకోడి వండాలి. ఈ మర్యాద ఎవరు పెట్టారో గానీ, వండేవాళ్లను అడిగి మాత్రం పెట్టలేదు.

పోయినసారి కూరలో ఉప్పు ఎక్కువైంది. ఆ రోజే శశికళ చెయ్యి విరిగింది. మెట్ల మీద జారిందన్నారు. ఆ ఇంటికి మెట్లే లేవు. అయినా వీధంతా తలూపింది. సిగ్గులేని వీధి!

ఈసారి ఏ చిన్న పొరపాటూ జరగకూడదు.

ఫోన్ మోగింది. వీడియో కాల్. రోజుకు పదిసార్లు చేస్తాడు.

"విమానం లేటు. నువ్వేం చేస్తాండావు? పొయ్యి చూపించు."

చూపించింది.

లేటు అన్న మాట వినేసరికి అత్త రామలక్ష్మమ్మ చెప్పులు విడిచి మంచం మీద కూలబడింది. "అయితే నిదానంగా సాయంత్రం పోదాంలే."

శశికళ ఆ చెప్పులు తీసి మళ్లీ అత్త కాళ్ల దగ్గర పెట్టింది. "వద్దత్తా, దావలో శానా రష్ ఉంటాది. దిగినాక మీరు కనపడకపోతే ఆయన ఊరుకుంటాడా?"

కొడుకు కోపం తల్లికి తెలియనిదా! లేచింది. ఆడబిడ్డ, మరిది, వాళ్ల పిల్లలు అందరూ బండెక్కారు. ఎక్కాక రామలక్ష్మమ్మకు మనవరాలు గుర్తొచ్చింది.

"పవిత్రను ఎక్కించు. నాయన్ను చూస్తాది."

శశికళ పాపను గట్టిగా పట్టుకుంది. "బండెక్కితే వాంతులు చేసుకుంటాదత్తా. ఆయన చొక్కా పాడయితే మళ్లా..."

ఆ 'మళ్లా' తర్వాత ఏముందో రామలక్ష్మమ్మ అడగలేదు. బండి కదిలింది.

ఇల్లు ఖాళీ అయిన కాసేపటికి మళ్లీ ఫోన్.

"ఎక్కినా. ఫోన్ ఆపుతాండా. దిగినాక చేస్తా. యాడికీ పోవద్దు."

"ఊఁ."

శశికళ గోడగడియారం వైపు చూసింది. చేతిలో ఉన్నవి ఐదు గంటలు. గాలి కలిసొస్తే నాలుగున్నరే. పాప జడ సరిచేసి, ముఖం తుడిచింది.

చెన్నైలో దిగీదిగగానే సోమశేఖర్ చేసిన వీడియో కాల్ కడపలో చల్లారిపోయిన పొయ్యి పక్కన మోగీ మోగీ ఆగిపోయే వేళకు, పవిత్రను ఒళ్లో పెట్టుకుని శశికళ కూర్చున్న రైలు గుంతకల్లు దాటేసింది.