మానేసినవాడి ఇస్త్రీ

మూడు నెలల లెక్క రాష్ట్రానికి పంపడానికి ఆ రాత్రే గడువు. ఒహాయోలోని తన లాండ్రీలో మౌరీన్ ఒక్కతే కూర్చుని, పనివాళ్ళ పేర్లూ జీతాలూ కంప్యూటర్లో ఎక్కించి, నిరుద్యోగ పన్ను కట్టేసింది. ఈసారీ రేటు పెరగలేదు. ఎందుకు పెరుగుతుంది? తీసేసిన మనిషి నిరుద్యోగ భృతి తీసుకుంటేనే యజమాని పన్ను రేటు పెరిగేది. తనంతట తనే మానేసినవాడికి భృతి ఉండదు. అందుకే ఇస్త్రీ చేసే వెండెల్‌ను తీసేసినప్పుడు, తనంతట తనే మానేశాడని అధికారికి ఫోన్లో తొణక్కుండా చెప్పింది. అతనికి భృతి రాలేదు. అద్దె కట్టలేక, జనవరి చలిలో తన ట్రక్కులోనే బిగుసుకుపోయి చనిపోయాడు.

వెనక గదిలో ఇస్త్రీ ప్రెస్ బుస్సుమంది.

మౌరీన్ ఫోర్‌మన్ రస్‌కు ఫోన్ చేసింది. "ప్రెస్ కట్టేయకుండా వెళ్ళిపోయావేంటయ్యా?"

"కట్టేశాను మేడమ్. మెయిన్ స్విచ్ కూడా దించేశాను."

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని వెళ్ళి చూసింది. స్విచ్ దించే ఉంది. బల్లమీద ఒక చొక్కా వేడివేడిగా ఉంది, కాలరు లోపలికి మడిచి. అలా మడవొద్దని వెండెల్‌ను ఏళ్ళ తరబడి తిట్టింది.

"రస్, ఇక్కడ ఎవరో పనిచేస్తున్నారు."



"అయితే ఆ మనిషి జీతం కూడా లెక్కలో చూపించాలి కదా, మేడమ్," అన్నాడు రస్, నవ్వకుండా.

ఆమె ఫోన్ పెట్టేసింది. అధికారితో మాట్లాడిన గొంతుతోనే, ఖాళీ గదితో అంది.

"నువ్వు మానేశావు, వెండెల్."

ప్రెస్ మూత మెల్లగా పైకి లేచింది, ఇంకో చొక్కా కోసం.