పనిలో ఉన్నవాళ్లు మాత్రమే

“చూశారా సార్, ఈ ఏడాది ప్రమాదాలు సున్నా.” ఫ్యాక్టరీ మేనేజరు తెరమీద పచ్చరంగు గడిని చూపించాడు.

తనిఖీ అధికారి తలూపుతుంటే, తెరమీది ఆ లెక్కల డాష్‌బోర్డు తయారుచేసిన అమ్మాయికి ఒళ్లు మండిపోయింది. కిందటి నెల ఇక్కడే ప్రెస్సు మిషన్లో పడి వాళ్ల బాబాయి వేళ్లు తెగాయి. వారం తిరక్కుండానే ఉద్యోగం ఊడింది.

ఆమె మౌస్ లాక్కుని, ‘పనిలో ఉన్నవాళ్లు మాత్రమే’ అన్న ఫిల్టరు తీసేసింది. సున్నా పదిహేడయింది.

“దెబ్బ తగిలినవాళ్లని పనిలోంచి తీసేస్తారు సార్. దాంతో లెక్కలోంచీ పోతారు. తిన్నది ఎలా అరుగుతుందో వీళ్లకి.”

“ఈ ఫిల్టరు ఎవరు పెట్టారు?” అన్నాడు అధికారి.

“ఆవిడే సార్,” అన్నాడు మేనేజరు నింపాదిగా. “ప్రమాదాల పట్టికా ఉద్యోగుల పట్టికా కలిపేటప్పుడు, మానేసినవాళ్ల పేర్లతో చెత్తగా ఉందంది. శుభ్రం చేసిందని మెచ్చుకున్నాం కూడా.”

ఆమె మౌస్ మీదున్న తన చేతివంక చూసుకుంది. అయిదు వేళ్లూ ఉన్నాయి. అసహ్యమేసి చెయ్యి వెనక్కి తీసుకుంది.