ఇంకాస్త లావు పుస్తకం

“ఇంకాస్త లావు పుస్తకం లేదా మేడమ్?” బైండరు బతిమాలుతున్నట్టే అడిగాడు.

లైబ్రేరియన్‌కు నవ్వాగలేదు. ముప్ఫై ఏళ్లుగా ఆ లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు కుట్లు వేస్తున్న మనిషి. ఈ-రీడర్ పేరెత్తితే చాలు, ఒంటికాలి మీద లేచేవాడు. కుట్టూ లేదు, అట్టా లేదు, ఉత్త పలక అనేవాడు. ఇప్పుడు ఆ పలకలోకే నవల కావాలంటున్నాడు.

“మొత్తానికి మీరూ దారికొచ్చారన్నమాట!”

“నాకు కాదమ్మా. మా ఆవిడకీ, అమ్మాయికీ.”

తల్లీకూతుళ్లకు ఏడాదిగా మాటల్లేవు. పలకలు రెండు కొని, ఒకటి తల్లి చేతిలో పెట్టింది కూతురే. అన్నీ ఇందులోనే ఉన్నాయి కదా అని తల్లి ఓ రోజు కూతురి బీరువాలోని పుస్తకాలన్నీ పాత కాగితాలవాడికి వేసేసింది. ప్రతి ఒక్కటీ తండ్రి బైండు చేసి ఇచ్చిందే. కూతురు పెట్టె సర్దుకుని వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుంది. అంతే, రాకా లేదు, ఫోనూ లేదు.

ఒక్కటి మాత్రం తెగలేదు. రెండు పలకలకూ ఖాతా ఒకటే. అక్కడ ఏ పేజీ దాకా చదివితే ఇక్కడ ఆ పేజీ అంకె కనిపిస్తుంది. గుండె ఆపరేషనై మంచం మీదున్న తల్లి పొద్దున్నే కళ్లజోడు తడుముకునేది అందుకే.

“ఏమండీ, నిన్న పదిహేను పేజీలు చదివింది. ఒంట్లో బాగానే ఉన్నట్టుంది” అనేది.

ఆపరేషనైన కొత్తలో నాలుగు రోజులు పేజీ కదల్లేదు. ఆవిడకు ముద్ద దిగలేదు. ఏ చిన్న దిగులూ తగలనివ్వొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఐదో రోజు పేజీ కదిలింది. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

ఈ రోజు పొద్దున ఆవిడకు మళ్లీ దిగులు పట్టుకుంది.

“ఇంకా పది పేజీలేనండీ. ఇదయిపోతే అదెలా ఉందో నాకెలా తెలుస్తుంది? తప్పు నాదేనని దానితో చెప్పండి.”

“చెప్తాలే” అన్నాడు బైండరు, కిటికీ వైపు తిరిగి.

లైబ్రేరియన్ వెతికి వెతికి పన్నెండు వందల పేజీల నవల ఒకటి వాళ్ల ఖాతాలోకి ఎక్కించింది.

“మూడు నెలలు ఢోకా లేదు.”

“మూడు నెలలేనా?” అతని కళ్లు చెమర్చాయి.

“అయితే అమ్మాయిని నిదానంగా చదవమనండి!”

“అలాగేనమ్మా.”

బైండింగు గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. వేళ్లకంటిన జిగురు గుడ్డతో తుడుచుకున్నాడు. సొరుగు లాగాడు.

ఆ నాలుగు రోజుల్లోనే మార్చురీవాళ్లు కూతురి గొలుసుతో పాటు చేతికిచ్చిన పలకను బయటికి తీసి, మిగిలిన పది పేజీలూ ఒక్కొక్కటే తిప్పాడు.