నూట పన్నెండో పేజీ

రవికాంత్ పీహెచ్‌డీ వైవా మూడింటికి మొదలై నాలుగున్నరకు ముగింపుకొచ్చింది.

మురుగు కాల్వల్లో దిగి చనిపోయిన పనివాళ్ల మీద అతని పరిశోధన. నాలుగేళ్లు వారాసిగూడ, ముషీరాబాద్, అంబర్‌పేట్ బస్తీలు తిరిగాడు. పదిహేడు మరణాల గురించి రాశాడు.

పరీక్షకుడు దివాకర్ వేరే యూనివర్సిటీ నుంచి వచ్చారు. అడగాల్సినవి అడిగారు. గైడ్ ఎవాంజెలిన్ మేడమ్ లేచి, సభలో ఎవరైనా ప్రశ్న అడగవచ్చని అన్నారు. ఓపెన్ వైవాలో ఆ మాట అనాలి. ఎవరూ అడగరు. తార్నాక నుంచి తెప్పించిన సమోసాలు బయట బల్ల మీద ఉన్నాయి.

వెనక గోడ దగ్గర ఒక చెయ్యి లేచింది.

రాహేలు. ఆ డిపార్ట్‌మెంట్ ఊడ్చే మనిషి. రవికాంత్ గదిని ఆరేళ్లుగా ఆమే ఊడుస్తోంది.

“మూడో ఎగ్జామినర్,” అన్నాడు రెండో వరుసలో ఒకడు. పక్కవాళ్లు నవ్వారు.

“బోర్డు మీద అందరూ రావచ్చని రాసిన్రు. అందుకే వచ్చిన మేడం,” అంది రాహేలు. “నూట పన్నెండో పేజీల, కొమురెల్లి తాగి మోరీల దిగిండని ఉన్నది. సార్ బల్ల తుడిచేటప్పుడు చదివిన. ఆయన తాగలే.”

రవికాంత్ ఆమె వైపు చూశాడు. ఆమెకు చదువొచ్చని అతనికి తెలియదు.

పోలీసు పంచనామాలో ఉన్నదే అభ్యర్థి రాశాడని, దాని మీద చర్చ లేదని దివాకర్ అన్నారు. ఎవాంజెలిన్ మేడమ్ మర్యాదగానే చెప్పారు. ఆమె అభిప్రాయం విన్నామన్నారు, కూర్చోమన్నారు, టీ తాగి వెళ్లమన్నారు.

“కూసుంట మేడం. కొమురెల్లి బిడ్డ స్నేహలత ఈ క్యాంపస్‌లనే ఎమ్మే చదువుతున్నది. రేపు ఈ పుస్తకం లైబ్రరీల పెడ్తరు. తండ్రి తాగి సచ్చిండని ఆ పిల్ల అండ్ల చదవాల్నా?”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

రవికాంత్ ఆ పేజీ తీశాడు. వాక్యం ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో తానే రాసిన ఇంకో వాక్యం కూడా ఉంది. ప్రత్యక్ష సాక్షులు దొరకలేదు.

వేదిక దిగాడు. వెనక్కి వెళ్లి రాహేలు పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఎక్కడుంటారని అడిగాడు. ఆరేళ్లలో ఆ మాట అడగడం అదే మొదటిసారి.

వారాసిగూడలో, కొమురెల్లి చనిపోయిన గల్లీలోనే అంది. ఆ పొద్దున అతను ఏం తిన్నాడో చెప్పింది. మ్యాన్‌హోల్ మూత ఎవరు తీశారో చెప్పింది. మాస్కు అడిగితే పనికి పిలిచినవాడు ఏమన్నాడో చెప్పింది. పంచనామా మీద సంతకాలు పెట్టిన ఇద్దరూ గల్లీవాళ్లు కాదంది. రవికాంత్ రాసుకున్నాడు. పావుగంట పట్టింది. ఎవరూ బయటికి పోలేదు.

“ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదమ్మా?”

“మీరు అడగలే సార్. పొద్దున నమస్తే అంటరు. క్రిస్మస్‌కు కేకు ఇస్తరు. మంచోళ్లే. కూసొని మాట్లాడరు గదా.”

రవికాంత్ మళ్లీ వేదిక ఎక్కి, ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. దానివల్ల పట్టా ఆగితే ఆగనీ అన్నాడు. వచ్చే వారం అతను ఒక కాలేజీలో లెక్చరర్‌గా చేరాలి. పట్టా లేకపోతే చేర్చుకోరు. ఆ సంగతి ఎవాంజెలిన్ మేడమ్‌కు తెలుసు. ఆమె అతన్ని ఆపలేదు.

దివాకర్ ఒప్పుకోలేదు. పంచనామాను కాదనాలంటే అంతకన్నా గట్టి ఆధారం చూపాలన్నారు. మనిషి పడిపోయిన చోట గుంపు చేరుతుందని, గుంపులో తలా ఒకటి చెబుతారని అన్నారు. తర్వాత రాహేలునే అడిగారు.

“ఆ టైములో మీరు కొమురెల్లికి ఎంత దూరంలో ఉన్నారమ్మా?”

రాహేలు ముందుకు నడిచి వచ్చింది. బల్ల మీదికి వంగి జవాబు చెప్పింది. మైకు ఆమె ముందు లేదు. ఆ జవాబు వరుసల్లో కూర్చున్నవాళ్లకు వినపడలేదు.

దివాకర్ ఇంకో ప్రశ్న వేశారు. దానికీ చెప్పింది. మూడోది ఆయన అడగలేదు.

తన కుర్చీ ఆమెకు ఇచ్చారు. ఆమె నిలబడే అలవాటంది. ఆయన ఆమె కూర్చునేదాకా ఆగి, నిలబడే రిపోర్టు రాశారు. రవికాంత్ నిలబడ్డాడు. మేడమ్ నిలబడ్డారు. రెండో వరుసలో నవ్వినవాళ్లు లేచారు. వాళ్లను చూసి హాలంతా లేచింది.

దివాకర్ మైకు తీసుకుని చదివారు.

“రవికాంత్‌కు పీహెచ్‌డీ ఇవ్వవచ్చు. ఒక సవరణ. నూట పన్నెండో పేజీలో ఉన్న వాక్యం కొట్టేసి ఇలా రాయాలి: ‘కొమురెల్లి తాగి లేడు. గల్లీ జనమంతా పైన నిలబడి చూస్తుంటే, నడుముకు తాడు కట్టుకుని మ్యాన్‌హోల్‌లోకి దిగి, అతన్ని పైకి తెచ్చి, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదిన రాహేలు చెప్పిన మాట ఇది.’”