నాన్న గుర్తులు

"నాన్న కోపం నా బిడ్డకి రాదు కదక్కా?" ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చున్న అక్కని అడిగాడు తమ్ముడు. అతని భార్యకి నెల తప్పింది.

"జన్యువుల దారం హిస్టోన్లనే ప్రోటీన్ ఉండలకి చుట్టుకుని ఉంటుందిరా. మనం పడ్డ బాధల గుర్తులు ఆ ఉండల మీద ఉంటాయి. వీర్యకణం తయారయ్యేటప్పుడు ఒళ్లు వాటిని ముక్కలు చేసి పారేస్తుంది."

"అన్నీనా?"

"అన్నీ."

"అయితే నాన్న బెల్టు మనతోనే ఆఖరు."

తేలిగ్గా లేచి, ఆమె తల మీదుగా అరలో ఉన్న హెల్మెట్ కోసం చెయ్యెత్తాడు.

అక్క చటుక్కున రెండు మోచేతులతో తల కప్పుకుంది.

అతని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "హెల్మెట్ కోసమక్కా," అన్నాడు మెల్లగా.

ఆమె చేతులు దించడానికి కాసేపు పట్టింది.

"అన్నీ పోవురా," అంది. "కొన్ని మిగులుతాయి."