అత్త నాలుక

మా అత్త వేలు ఎప్పుడూ అక్క ఉప్పుమడిలోనే మునిగేది. నా తోడికోడలినే నేను అక్కా అంటాను. ఆ వేలు నాకి, కళ్ళు మూసుకుని, "పెద్దదానా, ఇవాళ లాగెయ్" అనేది అత్త. అక్క మురిసిపోతూ ఉప్పు లాగే కర్ర అందుకునేది.

సముద్రపు నీళ్ళు మడిలో ఎండి ఉప్పు కట్టగానే లాగెయ్యాలి. ఒక్కరోజు ఆలస్యమైతే చేదెక్కుతుంది. ఆ అదను అత్త నాలుకకే తెలుసని అందరూ అంటారు. అప్పటికే పక్క మడిలో ఉప్పు లాగుతున్న నన్ను మాత్రం ఎవరూ పట్టించుకోరు.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, అక్క ముసిముసి నవ్వుకే నా కడుపు భగ్గుమనేది.

నిన్న గట్టు మీద అత్తకి అడ్డం నిలబడ్డాను.

"నా మడిలో నీళ్ళేమన్నా విషమా? రుచి చూస్తే నీ నాలుక అరిగిపోతుందా?"

అత్త అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"అరగడానికి అందులో ఏముందే? కిందటేడు జ్వరమొచ్చినప్పుడే రుచి పోయింది. నువ్వు కర్ర పట్టిన రోజే మీ అక్కనీ లాగమంటున్నా. నీ చెయ్యి తప్పదుగా! దానికి మాత్రం చెప్పకే, నా పరువు పోతుంది."

ఈ పొద్దున నా మడిలో ఉప్పు తెల్లగా కట్టింది. నేను కర్ర పక్కన పడేసి, గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. నా ఉప్పూ చేదెక్కుతుంది. ఎక్కనీ.

అత్త అక్క మడిలో వేలు ముంచి, నాకి, ఓరగా నా వంక చూసింది.

"ఇంకొక్క రోజు ఆగవే, పెద్దదానా."