ఎవడి మనిషిని వాడు

“రూలు మార్చి ఆటని చంపేస్తున్నారు బావా!” అంటూ శ్రీకాంత్ టీవీ సౌండ్ పెంచాడు.

అమెరికాలో బాస్కెట్‌బాల్ ఫైనల్స్. అక్కడ రాత్రి, బందరులో పొద్దున. ఇద్దరూ కాలేజీ టీములో పక్కపక్కన ఆడినవాళ్ళు. అప్పట్నించీ శ్రీకాంత్‌కి జీవన్ కుమార్ ‘బావ’. చర్చి వీధి కుర్రాణ్ణి నట్టింట్లో కూచోబెట్టుకుని అలా పిలుస్తుంటే చుట్టాలు మొహం చిట్లించుకున్నా శ్రీకాంత్ లెక్కచెయ్యలేదు.

“చంపడమేంటి? వచ్చే సీజన్ నించి జోన్ డిఫెన్స్ ఆడుకోవచ్చంటున్నారు, అంతేగా,” అన్నాడు జీవన్, గోడ గడియారం వైపు చూస్తూ.

అవనిగడ్డ బస్సుకి ఇంకా టైముంది. అక్కడ బస్టాండులో లిఖిత ఎదురుచూస్తుంటుంది. ఇద్దరూ విజయవాడ వెళ్ళి పెళ్ళి చేసుకోవాలి. లిఖిత శ్రీకాంత్ చెల్లెలు. సెలవులకని అవనిగడ్డలో పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది. ఇదేదీ శ్రీకాంత్‌కి చెప్పే ధైర్యం జీవన్‌కి రాలేదు. శ్రీకాంతే తెల్లారగానే ఫోన్ చేసి మ్యాచ్ చూద్దాం రమ్మంటే, రానంటే అనుమానమొస్తుందని వచ్చాడు.

“జోన్ అంటే ఏంటి? ఎవడి చోటు వాడు కాసుకుంటూ నిలబడ్డం. అదీ ఒక డిఫెన్సేనా? ఎవడి మనిషిని వాడు కాయాలి బావా. వాడు ఎటెళ్తే అటెళ్ళాలి. ఊపిరాడనివ్వకూడదు.”

“ఒకణ్ణే పట్టుకు వేలాడితే మిగతా కోర్టంతా ఖాళీ అయిపోదూ?”

“అది మిగతావాళ్ళు చూసుకుంటారు. నా పని నా మనిషి, అంతే.”

ఇంట్లో పెద్దవాళ్ళ అలికిడి లేదు. “అమ్మా నాన్నా మోపిదేవి గుడికి వెళ్ళారు, మొక్కుంది,” అన్నాడు శ్రీకాంత్. జీవన్‌ని వంటింట్లోకి కూడా లాక్కెళ్ళి, వాదిస్తూనే కాఫీ కలిపాడు.

కాఫీ తాగి జీవన్ లేచాడు. “వస్తాన్రా. అవనిగడ్డలో చిన్న పనుంది.”

శ్రీకాంత్ చటుక్కున చెయ్యి పట్టుకున్నాడు. “హాఫ్ టైమన్నా కాలేదు. ఓడిపోతానని పారిపోతున్నావా? తర్వాత బస్సుకెళ్దువుగానిలే.”

ఆ చనువు జీవన్‌ని ఆపేసింది. ఇలాంటివాడికి చెప్పకుండా వాడి చెల్లెల్ని తీసుకుపోతున్నాడు. చెబితే మాత్రం కాదంటాడా? ఇన్నేళ్ళు బావా అని పిలిచిన నోరు కాదంటుందా? విజయవాడ చేరగానే మొదటి ఫోన్ వీడికే చెయ్యాలనుకున్నాడు. లిఖిత ఒక్క బస్సు ఆగుతుందిలే అని మళ్ళీ కూచున్నాడు.

కూచున్నాక వాదనలో పడిపోయాడు. కాఫీ గ్లాసులు నేలమీద పేర్చి జోన్ ఎలా నిలబడుతుందో చూపించాడు. శ్రీకాంత్ ప్రతి గ్లాసుకీ ఒక ప్రశ్న వేశాడు. ఇంకో బస్సు కూడా వెళ్ళిపోయింది.

ఫోన్ మోగింది.

శ్రీకాంత్ ఒక్క గెంతులో వెళ్ళి రిసీవర్ ఎత్తాడు. “ఆఁ, నాన్నా,” అన్నాడు. ఆ తర్వాత వినడమే. పెట్టేసి వచ్చి, ఆట ఆఖరి నిమిషాల్లో ఉండగానే టీవీ కట్టేశాడు.

“అదేంట్రా?”

“ఇక వెళ్ళు.”

“ఎవరు గెలిచారో చూడొద్దూ?”

శ్రీకాంత్ వీధి తలుపు బార్లా తీసి పక్కకి నిలబడ్డాడు.

“మోపిదేవిలో లిఖిత మెడలో తాళి పడింది, జీవన్.”